మాక్యులాకు ఓసీటీ స్కాన్: తీయించుకోవడం, రిపోర్టు చూసుకోవడం ఎలా?

షుగర్ ఉన్నవాళ్ళకి చూపు మసకబారినా, పెద్దవయసులో గోడ టైళ్ళ గీతలు వంకర తిరిగినట్టు కనిపించినా కంటి డాక్టరు ఎక్కువగా రాసే పరీక్ష ఓసీటీ (ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ). అక్షరాలు చదివేదీ, మనుషుల్ని పోల్చుకునేదీ కంటి వెనక ఉండే పొర, అంటే రెటీనా, నడుమనున్న మాక్యులాతోనే. దాన్ని పరారుణ కాంతితో పొరలు పొరలుగా చూపిస్తుందీ యంత్రం. సూది గుచ్చరు, కంటిని తాకరు.

1. పాత స్కాన్లు వెంట తీసుకెళ్ళండి. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరి చూపు ఆనదు, ఎండ పడదు. తోడు ఒకరుండాలి, బండి మీరు నడపొద్దు. గ్లాకోమా (నీటికాసులు) ఉంటే చుక్కలకి ముందే చెప్పండి.

2. గడ్డం, నుదురు ఆనించి కూర్చున్నాక లోపల చిన్న గుర్తు వెలుగుతుంటుంది. చూపు దాని మీదే నిలపాలి. కొన్ని యంత్రాల్లో సన్నటి ఎర్రగీత జారుతూ వస్తుంది. కన్ను దాని వెంట పోయిందా, బొమ్మ చెదిరినట్టే. స్కాన్ మొదలయ్యే ముందు రెండు మూడుసార్లు గట్టిగా రెప్పలార్పండి, కన్ను పొడిబారినా బొమ్మ మసకే వస్తుంది. మాక్యులా దెబ్బతిన్నవాళ్ళకి అసలా గుర్తే కనపడకపోవచ్చు. మొహమాటపడకుండా చెప్పేయండి, వేరే ఏర్పాటు చేస్తారు.

3. రిపోర్టులో ముందు సిగ్నల్ బలం, అంటే బొమ్మ ఎంత బాగా వచ్చిందో చెప్పే అంకె, చూడండి. పదికి లెక్కగట్టే యంత్రమైతే ఆరు లోపు వచ్చినప్పుడు మళ్ళీ తీయమని అడగొచ్చు. తర్వాత అడ్డకోత బొమ్మ: ఆరోగ్యంగా ఉన్న మాక్యులా మధ్యలో చిన్న గుంట కనిపిస్తుంది. ఆ గుంట పూడిపోయి, పొరల మధ్య నల్లటి బుడగల్లాంటివి ఉంటే సాధారణంగా అది నీరు. షుగర్ వల్ల వచ్చే వాపులో కనిపించేది ఇదే. అడుగు పొర కింద బొడిపెలుంటే అవి డ్రూసెన్ అనే పసుపు మడ్డి ముద్దలు కావచ్చు, వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో పేరుకుంటాయి. రంగుల పటంలో ఎరుపు, తెలుపు మందం పెరిగిన చోట్లు. ఏ జబ్బో తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

4. అన్నిటికన్నా ముఖ్యం, జనం పట్టించుకోనిదీ ఇదే: మళ్ళీ తీయించినప్పుడు అదే కంపెనీ యంత్రం మీద తీయించండి. రెటీనా మందాన్ని ఏ పొర దాకా కొలవాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. కంటిలో ఇంజెక్షన్లు వేయించుకుంటున్నవాళ్ళు ఊరు మారి వేరే యంత్రం మీద తీయిస్తే, వాపులో మార్పేమీ లేకపోయినా పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడా కనిపించొచ్చు.

5. రక్తనాళాలు ఎక్కడ కారుతున్నాయో చూడాలంటే చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్ రాస్తారు. అలర్జీలుంటే ముందే చెప్పాలి. ఆ తర్వాత ఒకట్రెండు రోజులు మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, కంగారు పడక్కర్లేదు.