తీరం దగ్గర అకౌస్టిక్ (నీటిలో ధ్వనితో చేసే) పనికి వెళ్తున్నారా? పొద్దుటి ప్రొఫైల్‌ని నమ్ముకోవద్దు

పోయిన వారం తెలిసినవాళ్లు నలభై మీటర్ల లోతులో దింపిన మూరింగ్ (లంగరేసి ఉంచిన పరికరం) కోసం వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. మిట్టమధ్యాహ్నం, కిలోమీటరు అవతల నుంచి రిలీజ్‌కి (ధ్వని సంకేతం అందగానే లంగరు వదిలేసే పరికరానికి) కోడ్ పంపుతూనే ఉన్నారు, జవాబు లేదు. బ్యాటరీ పోయిందనుకుని వచ్చేశారు. మర్నాడు తెల్లారి ఇంకో పడవ అదే చోటికెళ్లి పిలిస్తే మొదటి పిలుపుకే పలికింది.

ఎండలు ముదిరే కాలంలోనూ, ఆ తర్వాత వరదనీరు సముద్రంలో కలిసే రోజుల్లోనూ ఇలాంటివి పెరుగుతాయి. లైఫ్ జాకెట్లు, కేబుళ్ల సంగతి మీకు తెలుసు కాబట్టి వదిలేస్తున్నా. నేను చూసినంతలో డేటా, డబ్బు, పరువు మూడూ పోగొట్టే తప్పు ఒకటుంది: పొద్దున ఒక్కసారి సౌండ్ వెలాసిటీ ప్రొఫైల్ (లోతును బట్టి నీటిలో ధ్వని వేగం ఎలా మారుతుందో చూపే కొలత) తీసి సాయంత్రం దాకా దాన్నే వాడుకోవడం.

నీటి సంగతి

నీటిలో ధ్వని వేగం సెకనుకు 1500 మీటర్లు అని అందరం బట్టీ పట్టినవాళ్లమే. కానీ వెచ్చటి నీళ్లలో ఒక్క డిగ్రీ తేడాకే అది సుమారు రెండున్నర మీటర్లు మారుతుంది, చల్లటి నీళ్లలో ఇంకా ఎక్కువ. నదీముఖం దగ్గర లవణీయత (కిలో నీటిలో ఉప్పు) 35 గ్రాముల నుంచి 15కి పడితే 20 మీటర్లకు పైగా తగ్గుతుంది. ధ్వని ఎప్పుడూ వేగం తక్కువున్న వైపుకే వంగుతుంది. ఎండకి పైపొర వేడెక్కితే కిందికి వంగి, నేలకి కొట్టుకుని, అక్కడే అరిగిపోతుంది. 1930ల్లో అమెరికా నౌకాదళం సోనార్లు పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నానికి మొరాయించేవి. ఆపరేటర్లు భోంచేసి కునుకు తీస్తున్నారని కూడా అనుకున్నారట! కొలిచి చూస్తే తప్పు ఎండది. పాఠం అప్పుడే దొరికింది, మనమే ఇంకా నేర్చుకోలేదు.

ఎండ ఒక్కటే కాదు. పోటుపాట్లతో పుట్టే అంతర్గత అలలు వెచ్చటి పొరకీ చల్లటి పొరకీ మధ్య హద్దుని నిమిషాల్లోనే పైకీ కిందికీ ఊపేస్తాయి. పదిన్నరకి బాగా వినిపించింది పదకొండుకి వినిపించకపోవచ్చు, అందుకని ఒక్క టెస్ట్ పింగ్ చూసి ‘అంతా ఓకే’ అనుకోవద్దు.

అడుగు సంగతి

ఇసుక నేల వాలుగా వచ్చే ధ్వనిని చాలావరకు తిప్పి పంపుతుంది, మెత్తటి బురద మింగేస్తుంది. బురదలో గ్యాస్ బుడగలుంటే లెక్కే వేరు. చార్టు మీద ఉన్న ఒక్క మాట చూసి, ధ్వని ఎంతదూరం పోతుందో లెక్కేసే కంప్యూటర్ మోడల్‌లో అడుగు రకం నింపకండి.

ఇక వరసగా చెప్పేస్తా, టైమ్ లేదు.

ప్రొఫైల్ మళ్లీ తీయండి. కనీసం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నీటి రంగు మారినా, నురగ గీత దాటినా, పోటు తిరిగినా మళ్లీ తీయండి. ‘నిన్నటిదే ఉందిగా’ అన్నవాడిని పడవ ఎక్కించుకోవద్దు.

పైపైన కాదు, అడుగు దాకా తీయండి.

మల్టీబీమ్‌లో (విసనకర్రలా ఎన్నో ధ్వని కిరణాలు పంపి అడుగుని కొలిచే సోనార్‌లో) చదునైన నేల అంచుల దగ్గర పైకో కిందికో వంగి కనిపిస్తే అది గుట్ట కాదు, పాత ప్రొఫైల్. నడిమి బీముల్లో తప్పు తెలియదు, పక్క బీముల్లోనే బయటపడుతుంది. ఆపండి, ప్రొఫైల్ తీయండి, ఆ తర్వాతే సర్వే లైన్ కొనసాగించండి.

పైల్స్ (పునాది స్తంభాలు) కొట్టే చోట శబ్దం ఎంతదూరం పోతుందో చెప్పడానికి, దూరంతో శబ్దం తగ్గే సూత్రాన్ని 15 లాగ్ ఆర్ (ఆర్ అంటే దూరం) అని కళ్లు మూసుకుని వేయకండి. ఆ 15 బదులు 20 అనుకుంటే ఒక దూరం, 10 అనుకుంటే ఎన్నో రెట్లు వేరే దూరం. మూడు నాలుగు ప్రొఫైళ్లతో, రెండు మూడు అడుగు రకాలతో మోడల్ నడిపి కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయండి. రిపోర్టులో ఒకే అంకె వేసి సంతకం పెట్టొద్దు.

వెచ్చటి తీరాల్లో టపటపలాడే రొయ్యల గోలని ముందే కొలిచి పెట్టుకోండి.

అలలు విరిగే చోట, పడవ ప్రొపెల్లర్ వెనక హైడ్రోఫోన్ (నీటిలో వినే మైకు) దించొద్దు. బుడగలు ధ్వనిని పాడుచేస్తాయి.

ప్రతి ప్రొఫైల్ మీదా టైమ్, చోటు రాయండి. రాయనిదాన్ని పారేయండి.

రిలీజ్ పలకకపోతే ఇంజన్ ఆపండి, ట్రాన్స్‌డ్యూసర్‌ని (ధ్వనిని పంపి, వినే పరికరాన్ని) వెచ్చటి పొర కిందికి దించండి, దగ్గరికెళ్లి పిలవండి, అప్పటికీ లేకపోతే తెల్లారుజామున మళ్లీ రండి. బ్యాటరీ చచ్చిందని లాగ్‌లో రాయడం ఆ తర్వాత.