కాకతీయుల చరిత్రను చేతిపనులతో నేర్పడం: ఎదురయ్యే చిక్కులు, పరిష్కారాలు

పన్నెండు, పదమూడు శతాబ్దాల తెలుగు నేలను పిల్లలకు బొమ్మల ద్వారా పరిచయం చేయాలనుకునే ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులను, వాటి కారణాలను, సరిచేసే పద్ధతులను ఇక్కడ వివరించాను.

బొమ్మ అందంగా వచ్చింది, కాని పిల్లవాడికి చరిత్ర ఏమీ గుర్తులేదు

అట్టముక్కతో ఓరుగల్లు కోటలోని రాతి ద్వారమైన కీర్తి తోరణం కత్తిరించి రంగు వేయించినప్పుడు ఈ సమస్య తప్పదు. పిల్లవాడికి అప్పగించిన పని ఆకారాన్ని అనుకరించడమే కనుక, అతనికి మిగిలేది కూడా ఆకారమే. తోరణం పనిలో సగం తల్లిదండ్రులు చేసి పంపిన ఇళ్లలో అదీ మిగలదు. చూపడానికి కాక, పని చేయడానికి తగిన వస్తువును ఎంచుకోవాలి. నీటిని నిలిపే చెరువు, గీస్తే అక్షరం పడే తాటాకు, నీటిలో వేస్తే తేలాల్సిన ఇటుక అటువంటివి. అవి పని చేయకపోయిన క్షణంలోనే "మరి వాళ్లు ఎలా చేశారు?" అనే ప్రశ్న పిల్లల నోట తనంతట తాను వస్తుంది.

చెరువు కట్ట తెగిపోతోంది

నా దృష్టిలో కాకతీయుల గురించి నేర్పడానికి ఇంతకు మించిన పని లేదు. ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే వాన కురిసే మెట్టప్రాంతంలో రాజ్యం నిలవాలంటే వాననీటిని ఆపాలి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు అందుకే వెలిశాయి. వెడల్పాటి రేకు పళ్లెంలో మట్టితో వాలు చేసి, అడ్డంగా కట్ట వేయించి, పైనుండి చెంబుతో నీళ్లు పోయించండి.

కట్ట ఎక్కడ తెగిందో చూస్తే కారణం తెలుస్తుంది. నీరు పైనుండి పొర్లి కోసుకుపోతే, అలుగు, అంటే మిగులు నీరు బయటికి పోయే దారి, పెట్టలేదన్నమాట. ఒక చివర కట్ట పైఅంచు కన్నా రెండు వేళ్లు తక్కువ ఎత్తులో, చిన్న రాళ్లు పరిచిన దారి ఒకటి వదలాలి. పొలాలకు నీరు వదిలే తూము కోసం పెట్టిన గొట్టం చుట్టూ నీరు ఊరి కట్ట కూలితే, గొట్టానికి బంకమట్టిని గట్టిగా అదిమి పెట్టలేదని అర్థం. కట్ట మొత్తం మెత్తబడి జారితే, మట్టిని ఒకేసారి కుప్పగా పోశారని గ్రహించాలి. అంగుళం మందాన ఒక్కొక్క పొర వేసి, తడిపి, చిన్న కర్రముక్కతో దిమ్మిస కొట్టించి, అడుగు భాగాన్ని పైభాగం కన్నా కనీసం నాలుగు రెట్లు వెడల్పుగా ఉంచితే కట్ట నిలుస్తుంది. నీటి వైపు వాలుపై గులకరాళ్లు పరచడం మరవకూడదు.

మొదటి కట్టను తెగనివ్వండి. ముందుగానే అన్నీ చెప్పేస్తే పాఠం సగానికి పడిపోతుంది. తెగిన తరువాత, "దీన్ని ప్రతి ఏడూ ఎవరు బాగుచేస్తారు, వారికి కూలి ఎవరిస్తారు?" అని అడిగితే దశబంధ మాన్యం గురించి చెప్పే అవకాశం దొరుకుతుంది. చెరువు తవ్వించినవారికీ మరమ్మతులు చూసేవారికీ ఆయకట్టులో, అంటే ఆ చెరువు నీటితో పండే పొలాల్లో, కొంత భూమిని ఇచ్చే ఏర్పాటు అది. రెండో పళ్లేన్ని కొంచెం దిగువన పెట్టి, పై చెరువు అలుగు నీరు కింది చెరువులోకి వెళ్లేలా చేయిస్తే, గొలుసుకట్టు చెరువులంటే ఏమిటో వేరే వివరణ లేకుండానే తెలుస్తుంది.

కోట గోడ ఆరగానే బీటలు వారుతోంది

నల్లరేగడి మట్టిని నేరుగా వాడితే ఇలా జరుగుతుంది. అది తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. ఎర్రమట్టిలో మూడో వంతు ఇసుక, సన్నగా తరిగిన గడ్డి కలిపి, తడిగుడ్డ కప్పి నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి. మట్టిని బయటి నుండి తేవద్దు. గోడ చుట్టూ కందకం తవ్వించి, ఆ మట్టినే గోడకు వాడించండి. ఓరుగల్లులో గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేసిన రాతి గోడకు వెలుపల మట్టికోట, కందకాలు ఎందుకు ఉన్నాయో అప్పుడు చేతికే తెలుస్తుంది. బురుజులపై ఫిరంగులు పెట్టనివ్వకండి. 1323లో ఓరుగల్లు పడిపోయినప్పుడు ముట్టడి జరిగింది రాళ్లు విసిరే యంత్రాలతో. ఫిరంగులు దక్కను కోటలపైకి ఎక్కింది ఆ తరువాతే.

"తేలే ఇటుక" మునిగిపోతోంది

పాలంపేటలోని రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి. పిల్లలు చేసిన ఇటుక మునగడానికి కారణం దాని సాంద్రత. మామూలు ఇటుక ఘన సెంటీమీటరుకు రెండు గ్రాములకు కాస్త తక్కువగా తూగుతుంది. తేలాలంటే ఒక గ్రాముకు లోపు ఉండాలి. మట్టికి సమానమైన కొలతలో రంపపు పొట్టు కలిపి కుమ్మరి ఆవంలో కాల్పిస్తే, పొట్టు కాలిపోయి గుల్లలు మిగులుతాయి. కాల్చని ఇటుక తేలదు సరికదా, నీటిలో కరిగిపోతుంది. కాల్చాక కూడా మునిగితే పొట్టు పాలు పెంచాలి. నీటిలో వేయకముందే పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, బరువుతో పోల్చి, తేలుతుందో లేదో పిల్లల చేత ముందుగా చెప్పించండి. కాకతీయుల శిల్పులు వాడిన మిశ్రమం ఇదేనని మాత్రం చెప్పకూడదు. ఇది సూత్రాన్ని చూపే ప్రయోగం.

తాటాకు చీలిపోతోంది, రాసింది కనబడడం లేదు

ఎండు ఆకును నేరుగా వాడితే చీలుతుంది. పసుపు వేసిన నీటిలో అరగంట ఉడికించి, నీడలో ఆరబెట్టి, బరువు కింద రాత్రంతా ఉంచాలి. తాటాకుపై రాసే ఇనుప మొన గంటం. దానికి బదులుగా మొన కొంచెం అరగదీసిన వృత్తలేఖిని చాలు. అక్షరాలు కనబడకపోవడం తప్పు కాదు. గంటం గీత మాత్రమే పెడుతుంది, దానికి రంగు ఉండదు. దీపపు మసిని నూనెలో కలిపి ఆకుపై రుద్ది, గుడ్డతో తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు తేలుతాయి. తేదీని శక సంవత్సరంలో వేయించండి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడి రామప్ప గుడి శాసనంలోని శక 1135కు 78 కలిపితే 1213 వస్తుందని వాళ్లే లెక్క వేసుకుంటారు.

అంగడి బొమ్మలో ఎండుమిరపకాయలు, టమాటాలు కనబడుతున్నాయి

నేటి సంతను చూసి చేయడమే దీనికి కారణం. మిరప, టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండాల పంటలు. 1498లో పోర్చుగీసువారు వచ్చిన తరువాతే అవి మనదాకా చేరాయి. తీసేయమని చెప్పే ముందు, మరి కారానికి ఏం వాడేవారో ఊహించమనండి. మిరియాలు అన్న జవాబు త్వరలోనే వస్తుంది. తరువాత, సముద్ర వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి రేవు శాసనాన్ని ఆధారంగా తీసుకుని, చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, ఏనుగు దంతం, పట్టు, పన్నీరు, మిరియాలతో దుకాణాలను మళ్లీ సర్దించండి. ఒక పిల్లవాడిని సుంకం వసూలు చేసేవాడిగా నిలబెట్టి, ధరలను రూపాయలలో కాక నాటి నాణేలైన మాడలలో, రూకలలో రాయించాలి.