అడ్డబావిలో ముందు ప్యాకర్లు, తర్వాతే నాజిళ్లు

"అన్నా, నాజిల్ ఎంత సైజు పెట్టాలి?" సౌదీలో మా చమురు బావుల దగ్గరికి కంప్లీషన్ పనికి, అంటే తవ్విన బావిలో పైపులు దించి ఉత్పత్తికి సిద్ధం చేసే పనికి, కొత్తగా వచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. నాజిల్ అంటే చమురు పైపులోకి వచ్చే చిన్న రంధ్రం; బావి పొడవునా ప్రవాహం సమంగా ఉండేలా పెడతాం. ముందు లాగ్, అంటే బోరులో పరికరం దింపి తీసిన కొలతలు, తెరవమంటాను. రాతిలో పర్మియబిలిటీ (ద్రవం పారే సులువు) ఎక్కడ ఎక్కువ, పగుళ్లు ఎక్కడ, బోరు ఎక్కడ సరిగ్గా గుండ్రంగా ఉంది, ఇవి చూడకుండా సైజు తేల్చడం కుదరదు.

బావి అడ్డంగా తిరిగే చోటు హీల్, చివర టో. పైపులో ఘర్షణ వల్ల హీల్ దగ్గర లాగుడు ఎక్కువ, టో దగ్గర తక్కువ. అందుకే నీరు గానీ గ్యాస్ గానీ తరచూ హీల్ దగ్గరే ముందు దూరుతుంది. పగులు ఉంటే అది ఎక్కడున్నా అక్కడే.

కాబట్టి మొదటి పని, బావిని ముక్కలుగా విడగొట్టడం. స్క్రీన్ (ఇసుకను ఆపే జల్లెడ పైపు) వెనక, రాతికీ దానికీ మధ్య ఖాళీ తెరిచి ఉంటే పగులులోంచి వచ్చిన నీరు ఆ సందులోనే పక్కకు పారి, పక్క జాయింట్ల (పైపు ముక్కల) నాజిళ్లలోంచి లోపలికి వస్తుంది. అప్పుడు నాజిల్ ఎంత చిన్నదైనా లాభం లేదు. పగులుకు అటూ ఇటూ స్వెల్ ప్యాకర్లు (ద్రవం తగిలితే ఉబ్బి ఆ సందును మూసే రబ్బరు తొడుగులు) పెట్టండి, అదీ కాలిపర్‌లో (బోరు వ్యాసం కొలిచే లాగ్‌లో) గోడ నున్నగా ఉన్న చోట. అవి ఉబ్బడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తొందరపడి బావి తెరవకండి.

ఇప్పుడు సైజు. 1,000 మీటర్లకు 12 మీటర్ల జాయింట్లు 80కి పైగా పడతాయి. రోజుకు 5,000 బారెళ్లంటే జాయింట్‌కు దాదాపు 60. 2.5 మి.మీ. నాజిల్ ఒక్కటుంటే అక్కడ ఒత్తిడి 30–40 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పడిపోతుంది, 4 మి.మీ. అయితే ఐదారే. వ్యాసం సగమైతే ఒత్తిడి నష్టం 16 రెట్లు, ప్రవాహం రెట్టింపైతే 4 రెట్లు. నాజిల్ దగ్గర పడే ఒత్తిడి రాతిలో పడేదానికి దగ్గరగా ఉంటేనే ప్రవాహం సమమవుతుంది. రాతిలోనే వందల పీఎస్‌ఐ పడే బిగుతు బావికి ఈ నాజిళ్ల ఖర్చు నేను ఒప్పుకోను.

మామూలు నాజిల్ నీటిని ఆలస్యం చేస్తుంది, ఆపలేదు. నార్వేలోని ట్రోల్ చమురు క్షేత్రంలో లాగా పలుచని చమురు పొర మీద గ్యాస్ కూర్చుని ఉంటే, తనంతట తాను మూసుకునే రకం మేలు. అందులో చిన్న డిస్క్ ఉంటుంది. గ్యాస్ లాంటి, చమురు కన్నా పలుచనిది వేగంగా దూసుకొచ్చినప్పుడు డిస్క్ ముందువైపు ఒత్తిడి తగ్గి, అది సీటు వైపు జరిగి దారి ఇరుకు చేస్తుంది.

ఒకే తల్లి బోరు నుంచి పలు బోర్లు చీలే కొమ్మల బావులకు ఇది చాలదు. సౌదీలో 2006లో మొదలైన హరాధ్-3 చమురు ప్రాజెక్టులో లాగా ప్రతి కొమ్మకూ తల్లి బోరులో పైనుంచి నడిపే వాల్వ్ ఉండాలి. ఒక్కో కొమ్మనే తెరిచి, మిగతావి మూసి, టెస్ట్ సెపరేటర్‌లో (చమురు, నీరు, గ్యాస్ వేరు చేసి కొలిచే తొట్టిలో) వాటర్ కట్ (వచ్చే ద్రవంలో నీటి వాటా), గేజ్‌లో ఒత్తిడి రాసుకోండి. తర్వాత అన్నీ కలిపి నడపండి. బలహీనమైన కొమ్మ వాటా తగ్గితే దాని వాల్వును కాదు, బలమైనదాని వాల్వును కాస్త మూయండి. బావి ఆపేటప్పుడు వాల్వులన్నీ మూయండి, లేదంటే బలమైన కొమ్మలోని నీరు బలహీనమైన కొమ్మలోకి వెళ్తుంది.

బావి బాగా నడుస్తున్నా వాల్వులను అప్పుడప్పుడూ పూర్తిగా తిప్పాలి. స్కేల్ (నీటిలోని లవణాల గట్టి పొర) పట్టి బిగుసుకుపోతే, సరిగ్గా నీరు వచ్చిన రోజున అవి కదలవు.