పాతర గడ్డి కుళ్లు వాసన వచ్చినా, తెరవగానే వేడెక్కినా: కారణాలు, సవరణలు

పాతర గడ్డి, అంటే పచ్చిగడ్డిని తరిగి గాలి తగలకుండా గోతిలో మాగబెట్టిన సైలేజి, చెడిపోయిందని తెలియగానే చాలామంది రైతులు మొదట అనుమానించేది తాము కలిపిన సూక్ష్మజీవుల పొట్లాన్ని. నిజానికి తప్పు ఎక్కువసార్లు గాలిది, లేదా నీటిది. ఆ పొట్లంలోని లాక్టిక్ బాక్టీరియా గాలి లేని చోట గడ్డిలోని చక్కెరను ఆమ్లంగా మార్చి పీహెచ్‌ను (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలతను) 4 దరిదాపులకు దింపగలదే తప్ప, వదులుగా నింపిన గోతిని గాని, నీరోడే గడ్డిని గాని చక్కదిద్దలేదు. బాగా మాగిన మొక్కజొన్న పాతర పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి, కమ్మని పులుపు వాసన వేస్తుంది.

సమస్య: కుళ్లు వాసన, చేతికి జిగురు, ముదురు రంగు

ఇది నేపియర్ గడ్డితో ఎక్కువగా ఎదురవుతుంది. పచ్చి నేపియర్‌లో నీరు ఎక్కువ, చక్కెర తక్కువ కావడంతో పీహెచ్ త్వరగా దిగదు. ఆ జాప్యంలో, ముఖ్యంగా కోతలో బురద మట్టి అంటుకుని వచ్చినప్పుడు, క్లాస్ట్రిడియా జాతి బాక్టీరియా పెరిగి బ్యూటిరిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. చెడిన నేతిని తలపించే ఆ వాసన చేతులు కడుక్కున్నా ఒక పట్టాన పోదు. ఈ దశకు చేరిన గడ్డిని బాగుచేసే మార్గం లేదు. కొత్తగా ఈనిన పశువులకు కీటోసిస్ (రక్తంలో కీటోన్లు పేరుకునే జబ్బు) ముప్పు ఉంటుంది కనుక వాటికి అసలు పెట్టకూడదు.

తరువాతి విడతలో, నింపే ముందు ముక్కలను పిడికిట్లో అర నిమిషం గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందున నీరు కారితే తేమ ఎక్కువైనట్టు; పిడికిలి విప్పగానే ముద్ద పొడిపొడిగా విడిపోతే మరీ తక్కువైనట్టు; ముద్ద మెల్లగా విచ్చుకుంటే తేమ 60 నుంచి 70 శాతం మధ్య సరిగ్గా ఉన్నట్టు. తేమ ఎక్కువైన గడ్డిని పూటో రోజో ఎండలో వాడనివ్వాలి, లేదా తరిగిన వరిగడ్డిని కలపాలి. టన్ను నేపియర్‌కు 10 నుంచి 20 కిలోల బెల్లం కలిపితే బాక్టీరియాకు తిండి దొరుకుతుంది. గింజ పాలు దాటి పిండిగా గట్టిపడుతున్న దశలో కోసిన మొక్కజొన్నకు బెల్లం అవసరం లేదు.

సమస్య: తెరిచిన ఒకటి రెండు రోజులకే వేడెక్కడం

ఇక్కడ పులియడం బాగానే జరిగింది. నష్టం తెరిచాక మొదలైంది. గాలి తగలగానే ఈస్టులు మేల్కొని లాక్టిక్ ఆమ్లాన్నే తినేస్తాయి, పీహెచ్ తిరిగి పెరుగుతుంది, వెనుకనే బూజు వస్తుంది. అసలు లోపం చాలావరకు గోతి కొలతల్లో ఉంటుంది. తెరిచిన ముఖం నుంచి రోజూ కనీసం 15 సెంటీమీటర్ల మందం తీస్తేనే వేడిని దాటి ముందుకు పోగలం. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న గోతిలో, ఘనపు మీటరుకు 600 కిలోలు పట్టిందనుకుంటే, ఆ మందం సుమారు 135 కిలోలవుతుంది. తలకు 15 నుంచి 20 కిలోల చొప్పున తినే నాలుగు గేదెలు అంత తినలేవు. అలాంటి ఇంట గోతిని సన్నగా, పొడవుగా తవ్వుకోవాలి, లేదా ఏ రోజు తెరిచినది ఆ రోజే ఖర్చయ్యేలా 50 కిలోల సంచుల్లో నింపుకోవాలి.

సూక్ష్మజీవుల ఎంపిక నిజంగా పనికొచ్చేది ఈ చోటే. లాక్టిక్ బాక్టీరియాలో ప్లాంటారమ్ అనే రకం పీహెచ్‌ను వేగంగా దించుతుంది గాని తెరిచాక కాపు కాయదు. బుక్నెరి అనే రకం లాక్టిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మార్చి ఈస్టులను అణచివేస్తుంది. అయితే దానికి 45 నుంచి 60 రోజుల గడువు కావాలి. మూడు వారాలకే తెరిచి ఫలితం లేదనడం న్యాయం కాదు.

సమస్య: పైపొరలో, అంచుల్లో బూజు

గోతిని మూసిన కప్పు (పట్టా) చిరిగింది, ఎలుక కొరికింది, లేదా సరిగా తొక్కలేదు. బూజు పట్టిన భాగాన్ని చుట్టూ కొంత మేలు గడ్డితో సహా తీసి పారేయాలి; మంచి గడ్డిలో కలిపి పెడితే విషపదార్థాలు పోవు, పంచబడతాయి అంతే. ఈసారి ముక్కలను 1 నుంచి 2 సెంటీమీటర్లకు తరిగి, జానెడు మందానికొకసారి తొక్కించి, నింపిన రోజే మూసి, కప్పు మీద పాత టైర్లో ఇసుక బస్తాలో పేర్చండి.

సమస్య: గోధుమ రంగు, పొగాకు లేదా మాడిన బెల్లం వాసన

ముదిరి ఎండిన పైరును నింపినా, మూయడం ఆలస్యమైనా లోపల వేడి పెరిగి ఇలా అవుతుంది. పశువులు ఇష్టంగానే తింటాయి, కాని మాంసకృత్తుల్లో కొంత భాగం జీర్ణం కాని రూపంలోకి మారి ఉంటుంది కనుక దాణాలో ఆ లోటు పూడ్చాలి.

సమస్య: సూక్ష్మజీవులు కలిపినా తేడా కనిపించకపోవడం

క్లోరిన్ కలిసిన కుళాయి నీటిలో కలిపారా, పొట్లాన్ని ఎండలో ఉంచారా, పురుగుమందు కొట్టిన పంపునే వాడారా అని చూసుకోండి. ప్రతి గ్రాము పచ్చిగడ్డికి కనీసం లక్ష బతికున్న బాక్టీరియా అందాలి. పైన ఒకసారి చల్లి వదిలేస్తే అడుగు పొరలకు ఏమీ చేరదు, కాబట్టి పొరపొరకూ పిచికారీ చేయాలి. పొట్లానికి బదులు పెరుగు చిలికి పోసేవారున్నారు. పెరుగులోని జీవులు పాలలోని చక్కెరకు అలవాటు పడ్డవి. వాటి మీద ఆధారపడవద్దు. అంతకంటే, అదే గడ్డిని 200 గ్రాములు తరిగి రుబ్బి, లీటరు నీటిలో కలిపి వడకట్టి, 20 గ్రాముల చక్కెర వేసి, గాలి చొరకుండా రెండు రోజులు ఉంచిన రసం మేలు. సీసా ఉబ్బుతుంది కాబట్టి మూతను అప్పుడప్పుడు వదులు చేసి గ్యాసును పోనివ్వాలి.

సమస్య: గడ్డి బాగున్నా పశువు ముట్టకపోవడం

ఇది కొత్త రుచి మాత్రమే. రోజుకు 5 కిలోలతో మొదలుపెట్టి, అలవాటైన మేతలో కలుపుతూ వారం పది రోజుల్లో పెంచండి. పాలకు వాసన పట్టకుండా పాలు పితికిన తరువాతే వేయండి.