పిల్లలతో మహాబలిపురం: సముద్రం దగ్గర ఒక పూట ఎలా గడపాలి?

చెన్నైలో కాపురం ఉంటున్న తెలుగువాళ్ల ఇంటికి సెలవుల్లో చుట్టాలు దిగితే రెండో రోజుకే మహాబలిపురం మాట వస్తుంది. అంతవరకూ బాగానే ఉంటుంది. ఆ తరువాత జరిగేది ఇదీ: ఆదివారం తీరిగ్గా టిఫిన్లు కానిచ్చి, పదింటికి కారెక్కి, మిట్టమధ్యాహ్నం కాలే రాళ్ల మీద పిల్లలను నడిపించి, సాయంత్రం కిక్కిరిసిన జనంలో సముద్రంలోకి వదిలి, రాత్రికి ఒంటినిండా ఇసుకతో, ఏడుపులతో ఇల్లు చేరడం. మర్నాడు "అది పిల్లలతో వెళ్లే ఊరు కాదండీ" అని తీర్పు. పాపం, ఊరేం చేసింది? పిల్లలతో వెళ్లడానికి ఈ చుట్టుపక్కల అంతకంటే మంచి ఊరు నాకు కనిపించలేదు. వెళ్లే పద్ధతి తెలియాలి.

బయలుదేరడం

ఆదివారం వద్దు. తెల్లవారుజామున అయిదింటికి ఇల్లు కదలాలి. తిరువాన్మియూరు దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కితే ఆ వేళ గంటకు కాస్త అటూ ఇటూగా చేరిపోతారు. మొత్తం 55 కిలోమీటర్లు ఉంటుందేమో. పిల్లలను నిద్ర లేపకండి, ఎత్తుకెళ్లి కారులో పడుకోబెట్టండి.

తీసుకెళ్లవలసినవి తక్కువే. పిల్లకు రెండు జతల బట్టలు, తువ్వాళ్లు, టోపీలు, గట్టి మూత ఉన్న అయిదు లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు, ఒక పౌడరు డబ్బా. తినడానికి దద్దోజనం, పులిహోర. ఇసుకలో ఆడుకోవడానికి వంటింట్లో మూలపడ్డ పాత గిన్నెలు, గరిటెలు చాలు. గాలి ఊదే రబ్బరు చక్రాలు మాత్రం ఇంట్లోనే వదిలిరండి. ఎందుకో తరువాత చెబుతాను.

ముందు గుడి

సముద్రతీర ఆలయం ఆవరణ ఉదయం ఆరింటికి తెరుస్తారు. పదిహేనేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. పెద్దలు తీసుకున్న టిక్కెట్టుతోనే అదే రోజు రాతిలో చెక్కిన పంచ రథాలూ చూడవచ్చు, కాబట్టి పారేయకండి.

పల్లవ రాజు రాజసింహుడు ఎనిమిదో శతాబ్దం మొదట్లో కట్టించాడని, 1984లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిందని పిల్లలకు అక్కడే పాఠం మొదలుపెట్టకండి. ఆ సంగతులు పెద్దలకు. పిల్లలను ప్రహరీ దగ్గరికి తీసుకెళ్లండి. గోడ మీద వరసగా నందులు కూర్చుని ఉంటాయి. ఉప్పుగాలికి కొన్నింటి మొహాలు అరిగి నున్నబడ్డాయి. కొన్నింటికి మూపురం మిగిలింది గానీ ముక్కూ చెవులూ లేవు. ఏ నందికి ఎంత మిగిలిందో లెక్కపెట్టమంటే అరగంట ఇట్టే గడిచిపోతుంది. అంతకు మించి అక్కడ ఉండనక్కరలేదు.

గుడి అయ్యాకే సముద్రం. తడిసి ఇసుక పూసుకున్న పిల్లవాడిని రాతి కట్టడాల మధ్య తిప్పడం ఎవరి తరమూ కాదు. సాయంత్రం వెళితే చల్లగా ఉంటుందనేవాళ్లు చాలామంది. మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి గాలి పుంజుకుని నీరు కల్లోలంగా మారుతుందనీ, ఆరు దాటితే వెలుతురు తగ్గి మన పిల్లల తలలు మనకే కనబడవనీ వాళ్లు ఆలోచించరు. పొద్దున్న ఏడు నుంచి ఏడున్నర, ఎనిమిది లోపల. నా మటుకు ఇందులో మార్పు లేదు.

సముద్రం దగ్గర

ఇక్కడ నిదానంగా చదవండి. మిగతాదంతా ఎలా చేసినా ఫరవాలేదు, ఇది మాత్రం చెప్పినట్టు చేయాలి.

అసలు ఆ రోజు నీళ్లలోకి దిగాలా వద్దా అన్నది ముందు తేలాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ మూడు నెలలూ ఒడ్డున కూర్చోవడమే. పౌర్ణమి, అమావాస్యల ముందూ వెనకా పోటు ఎక్కువ. ఆకాశం నిర్మలంగా ఉందని నమ్మకండి. ఎక్కడో దక్షిణాన హిందూ మహాసముద్రంలో రేగిన తుపాను అలలు కొన్ని రోజుల తరువాత, ఎండ కాస్తుండగానే, మన ఒడ్డుకు వచ్చి పడతాయి. మన హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ దేశంలోని తీరమంతటికీ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. ముందురోజు రాత్రి ఫోనులో ఒకసారి చూసుకోండి. ఒడ్డున వలలు సర్దుకుంటున్న జాలరులు ఉంటారు కదా, వాళ్లనూ అడగండి. "అణ్ణా, ఇన్నిక్కి కడల్ ఎప్పడి ఇరుక్కు?" (అన్నా, ఇవాళ సముద్రం ఎలా ఉంది?) అనేంత తమిళం చెన్నైలో ఉండే మనందరికీ వచ్చు. ఆయన తల అడ్డంగా ఊపితే మారు మాట్లాడకుండా వెనక్కి రండి. మా పిల్లలు ఎంత దూరం నుంచి వచ్చారో అని ఆయనతో బేరం పెట్టేవాళ్లు ఉన్నారు. సముద్రానికి ఆ సంగతి తెలియదు.

ఇక చోటు. గుడి పక్కనే రాళ్లున్న వైపు దిగకండి. ఆ రాళ్ల మీద పాకుడు, నీళ్ల కింద కనబడని రాళ్లు మరికొన్ని. పడవలు ఒడ్డుకు వచ్చే చోటూ వద్దు, అక్కడ తాళ్లు, లంగర్లు ఉంటాయి. దూరంగా నడిచి, బారుగా ఇసుక మాత్రమే ఉన్న చోటు చూసుకోండి.

చోటు దొరికాక వెంటనే దిగకూడదు. చెప్పులు విప్పకుండా పది నిమిషాలు నిలబడి నీళ్లను చూడండి. అలలు వరసగా విరిగి తెల్లటి నురుగు కడుతుంటాయి. ఆ నురుగు వరసల మధ్య ఒకచోట అలలు విరగకుండా నీరు చదునుగా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తే జాగ్రత్త. పిల్లలకు అదే మంచి చోటని పది మందిలో తొమ్మిది మంది అక్కడికే వెళతారు. నిజానికి ప్రమాదమంతా అక్కడే. అలలతో ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి వెళ్లాలి కదా. అది ఇసుకలో లోతు ఉన్న చోటు చూసుకుని, పాయగా మారి, జోరుగా లోపలికి పరుగెడుతుంది. లోతు ఉంది కాబట్టే అక్కడ అల విరగదు. ఇసుక కలిసిన మట్టిరంగు నీరో, నురుగు తుంపులో ఒడ్డు నుంచి లోపలికి పోతూ కనిపించాయంటే ఇక అనుమానమే అక్కరలేదు. అక్కడి నుంచి బాగా పక్కకు జరగండి.

ఈ తీరంలో ఒడ్డు నిటారుగా దిగుతుంది. ఒక అడుగు వేస్తే మోకాలి లోతు, మరో అడుగుకు నడుము లోతు. అల వెనక్కి మళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకనూ లాక్కుపోతుంది. పెద్దలకు అది అరికాళ్ల కింద చక్కిలిగింత. అయిదేళ్ల పిల్లను పడగొట్టడానికి మాత్రం అదే చాలు. అందుకని లోతుకు నేను పెట్టే హద్దు ఇది: అల లేనప్పుడు నీరు పిల్ల చీలమండ దాటకూడదు, అల వచ్చినప్పుడు మోకాలు దాటకూడదు. దాటితే రెండు అడుగులు వెనక్కి.

ఒక పిల్లకు ఒక పెద్ద. ముగ్గురు పిల్లలకు ఇద్దరే పెద్దలుంటే ఒక పిల్ల ఒడ్డున ఇసుకలో ఆడుకుంటూ వంతు కోసం ఆగాలి. దాని పక్కనా ఎవరో ఒకరు, అమ్మమ్మో తాతయ్యో, కూర్చోవాలి. ఫొటోలు తీసేవాళ్లు ఈ లెక్కలోకి రారు. పెద్దవాళ్లు సముద్రం వైపు, పిల్ల ఒడ్డు వైపు ఉండాలి. చాలామంది తల్లిదండ్రులు తాము ఒడ్డున నిలబడి పిల్లలను ముందుకు పంపుతారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పట్టుకోవలసింది వేళ్లు కాదు, మణికట్టు. తడి వేళ్లు జారిపోతాయి. సముద్రానికి వీపు తిప్పకండి. చిన్న అలలు కొన్ని వచ్చాక పెద్దది ఒకటి వస్తుంది, అది సరిగ్గా మీరు వెనక్కి తిరిగి బావగారితో మాట్లాడుతున్నప్పుడే వస్తుంది.

బట్టల విషయం ఎవరూ పట్టించుకోరు. పిల్లలకు ఎరుపో నారింజో వేయండి. నీలం, తెలుపు, బూడిద రంగులు నీళ్లలో కలిసిపోతాయి. చీరతో నీళ్లలోకి దిగవద్దని మా ఇంటి ఆడవాళ్లకు చెబితే ముఖం ముడుచుకుంటారు. కానీ తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే పిల్లను పట్టుకోవడం అటుంచి తామే కదలలేరు. మగవాళ్ల పంచెకూ ఇదే మాట.

రబ్బరు చక్రాల సంగతి. నడుముకు చక్రం ఉంది కదా అని పిల్లకు ధైర్యం, పెద్దలకు అంతకు మించిన ధైర్యం. పొద్దున్న పూట గాలి తరచుగా నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. గాలి నిండిన చక్రాన్ని అది మీరు పరుగెత్తి అందుకోలేనంత వేగంగా తోసుకుపోతుంది. చక్రాలు ఈతకొలనులోకే.

ఇంత చేసినా ఎవరైనా నీటి పాయలో చిక్కారనుకోండి. ఒడ్డు వైపు ఎదురీదకూడదు, దానితో పోటీపడి గెలవలేం. తేలుతూ, చెయ్యి ఎత్తి పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. పాయ వెడల్పు ఎక్కువ ఉండదు. దాటాక అలలే ఒడ్డు వైపు తోస్తాయి. ఈత రానివాళ్లు వెంట దూకకూడదు. అందుకే డబ్బాలు తెమ్మన్నాను: ఒక డబ్బాలో నీళ్లు పారబోసి, మూత గట్టిగా బిగించి విసిరితే అది పట్టుకుని తేలవచ్చు. జాలరులను కేకేయండి, 112కు ఫోను చేయండి.

అరగంట కాగానే బయటికి. "ఇంకొక్క అల" అనే బేరానికి లొంగకండి. నీళ్లలోకి దిగక ముందే "నేను పిలిస్తే రావాలి, నాన్నా" అని మాట తీసుకోండి.

నీళ్ల భయం ఉన్న పిల్లలను బలవంతంగా ఎత్తుకుని దించవద్దు. వాళ్లకు పొడి ఇసుకలో పీతల బొరియలు చూపించండి. కదలకుండా కూర్చుంటే పీత ఒక పక్క డెక్కల్లో ఇసుక ముద్ద పట్టుకుని బయటికి వస్తుంది, దూరంగా విసురుతుంది, కళ్లు నిక్కించి చూస్తుంది, మీ నీడ కదిలితే చటుక్కున లోపలికి దూరుతుంది. ఇసుకలో గొయ్యి తవ్వేవాళ్లకు ఒక్కటే షరతు: పిల్ల మోకాలి లోతు దాటకూడదు. తడి ఇసుక గోడ కూలితే ఊపిరి ఆడదు.

తరువాతి పనులు

డబ్బాల్లో నీళ్లతో కాళ్లు కడిగి, తుడిచి, పౌడరు చల్లితే ఇసుక దానంతటదే రాలిపోతుంది. బట్టలు మార్చి, తెచ్చిన దద్దోజనం పెట్టండి.

అర్జున తపస్సు శిల్పం దగ్గర పిల్లలకు ఒకటే పని: పిల్లిని వెతకడం. ఏనుగులు అందరికీ కనబడతాయి. ముందుకాళ్లు పైకెత్తి దొంగ తపస్సు చేస్తున్న పిల్లి, దాని కాళ్ల దగ్గర నమ్మకంగా చేరిన ఎలుకలు వెతికితేనే దొరుకుతాయి. మీరు చూపించకండి. పిల్లి దొరికాక వెనక కాలితో మూతి గోక్కునే జింక.

కృష్ణుడి వెన్నముద్ద రాయి దగ్గర ఎవరైనా చేసేది ఒకటే, కింద నిలబడి మోస్తున్నట్టు ఫొటో. సరే, తీసుకోండి. 250 టన్నులుంటుందని చెబుతారు. మద్రాసు గవర్నరుగా ఉన్న ఆర్థర్ లాలీ 1908లో ఏడు ఏనుగులతో లాగించినా కదలలేదని గైడ్లు చెప్పే కథ పిల్లలకు భలే నచ్చుతుంది. పక్కనున్న ఏటవాలు బండ మీద జారుతారు. పాత లాగులు వేసి వదిలేయండి. పంచ రథాలు ఓపిక ఉంటేనే. పదిలోపు చూడలేకపోతే మానేయండి, రాయి కాలుతుంది. లైట్‌హౌస్ మెట్లు ఆరేళ్లలోపు వాళ్లతో ఎక్కవద్దు, దిగేటప్పుడు మీరే మోయాలి.

తిరుగు దారిలో రెండింటిలో ఒకటే. వడనెమ్మేలిలో 1976లో రోములస్ విటేకర్ మొదలుపెట్టిన మొసళ్ల కేంద్రం ఉంది; చెట్ల నీడ బాగుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి అదే మేలు. సోమవారం సెలవు. రెండోది ముట్టుకాడులోని దక్షిణచిత్ర, దక్షిణాది పాతకాలపు ఇళ్లను నిలబెట్టి చూపించే చోటు; దానికి మంగళవారం సెలవు. ఇక్కడ పుట్టి, చుట్టిల్లంటే ఏమిటో చూడని మన పిల్లలకు అక్కడి ఆంధ్ర ఇళ్లు చూపించవలసిందే. వెంట అమ్మమ్మ ఉంటే గైడు అక్కరలేదు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండోదానిలో పిల్లలు మీ భుజాల మీద నిద్రపోతారు.

వేసవైతే రోడ్డు పక్కన ముంజలు అమ్ముతుంటారు. కళ్ల ముందే కొట్టి ఇచ్చేవి కొనండి, కవర్లో కట్టి ఉంచినవి వద్దు. రెండింటిలోపు ఇల్లు చేరి, తడి బట్టలు ఆ రోజే ఉతకండి. మర్నాటికి వదిలితే ఉప్పు పట్టి బిరుసెక్కుతాయి.