ముందు ఒక్క లాటు, తర్వాతే ఒప్పందం

మాది గుంటూరు. మిర్చి టిక్కీలో, అంటే బస్తాలో, తేమ కొలిచే పరికరం తయారుచేస్తాం. దాని రీడింగును రైతు, కమీషన్ వ్యాపారి, ఏసీ (సరుకు నిల్వ చేసే శీతల గిడ్డంగి) యజమాని, కొనుగోలుదారు అందరూ నమ్మితేనే దానికి విలువ. ఇలా నలుగురినీ కలుపుకుని కొత్త పని మొదలుపెట్టేవాళ్లకి మేం నేర్చుకున్నది చెబుతాను.

ముందు ఒక కాగితం తీసుకుని, ఈ పని కుదిరితే ఎవరికి డబ్బు మిగులుతుంది, ఎవరికి చాకిరీ పెరుగుతుంది రాయండి. మేం హమాలీలను రాయడం మర్చిపోయాం. కొలవడానికి దింపిన టిక్కీని మళ్లీ ఎత్తాల్సింది వాళ్లే. కూలీ మాత్రం టిక్కీకి ఇంత అనే లెక్క. రెండో రోజుకే పని ఆగింది. ఇంజనీర్లతో కూర్చుని తల పట్టుకుంటుంటే హమాలీల ముఠా మేస్త్రి వచ్చి, "కాటా మీద ఎలాగూ ఆగుద్ది కదండీ, అక్కడే గుచ్చుకోండి" అన్నాడు. అంతే. పరికరం సూదిని కాటా పక్కకు మార్చాం, టిక్కీకి రెండు రూపాయలు అదనంగా ఇచ్చాం.

ప్రయోగం చిన్నదిగా ఉండాలి. ఒకే ఏసీ, ఒకే రకం మిర్చి, రెండొందల టిక్కీల ఒక్క లాటు, మూడు వారాలు చాలు. ఏ ఫలితం వస్తే ముందుకెళ్తారో, ఏది వస్తే ఆపేస్తారో మొదలుపెట్టకముందే రాసుకోండి. రీడింగు తప్పి సరుకు బూజు పడితే నష్టం ఎవరిదో కూడా. అన్నీ ఉచితం అనకండి. జేబులోంచి కొంచెమైనా పెట్టినవాడే లోపాలు చెబుతాడు.

మీరు అనుకోని వాడకం కనిపిస్తే వదలకండి. కెన్యాలో 2005లో వొడాఫోన్, సఫారికామ్ ఫోన్ కంపెనీలు ఒక సూక్ష్మరుణ సంస్థతో కలిసి ఎం-పెసా అనే మొబైల్ డబ్బు సేవను ప్రయోగించింది ఫోన్‌లో అప్పు వాయిదాలు కట్టించడానికి. జనం దాంతో ఒకరికొకరు డబ్బు పంపుకున్నారు. 2007లో సేవ మొదలుపెట్టినప్పుడు డబ్బు పంపడాన్నే ముందు పెట్టారు. మా దగ్గరా ఒక వ్యాపారి రీడింగును ఫొటో తీసి బయటూరి పార్టీకి వాట్సాప్ చేయడం చూశాం. మేం అనుకున్న యాప్ పని పక్కన పెట్టి, తూకం చీటీ మీదే తేమ అంకె వచ్చేలా మార్చాం.

లాటు పూర్తయ్యాక యార్డు సెలవు రోజున అందర్నీ కూర్చోబెట్టండి. మేస్త్రిని ముందు మాట్లాడనివ్వండి. యజమాని మాట్లాడాక మేస్త్రి నోరు విప్పడు.