ఎండను తట్టుకునే ఫెర్న్‌లు రాతి తోటలో

ఫెర్న్ అనగానే నీడ, తడి గుర్తొస్తాయి. కానీ కైలాంథెస్, ఆస్ట్రోలెపిస్, పెల్లియా జాతుల్లో చాలావరకు ఎండ పడే రాతి సందుల్లోనే పెరుగుతాయి. కైలాంథెస్ ఆకు తిప్పి చూడండి: అడుగున దట్టమైన నూగు. ఎండవేడిని, నీటి నష్టాన్ని తగ్గించేది అదే. నీళ్లు పైనుంచి పోస్తే ఆ నూగులోనే తడి నిలిచి మొక్క కుళ్లుతుంది. అందుకే మొక్క మొదలు దగ్గరే పోయాలి, ఆకుల మీద వద్దు.

మట్టి విషయంలో రాజీ పడొద్దు. సన్న కంకర రెండు పాళ్లు, తోటమట్టి ఒకటి, బాగా చివికిన ఆకుల ఎరువు ఒకటి కలపండి. పెల్లియా అట్రోపర్ప్యూరియాకైతే గుప్పెడు సున్నపురాయి ముక్కలు చేర్చండి, అది సహజంగా ఎక్కువగా సున్నపురాతి మీద పెరుగుతుంది.

పెద్ద రాయి పక్కనే, కాస్త ఏటవాలుగా నాటండి. వేళ్లు రాయి కిందికి, చల్లదనంలోకి పోతాయి. ఆకులు పుట్టే మొదలు మట్టిలో పూడకూడదు. చాలా మొక్కలు పోయేది ఇక్కడే. చుట్టూ మూడు సెంటీమీటర్ల మందాన కంకర పరవండి. ఎండుగడ్డి, చెక్కపొట్టు వద్దు, మొదలు దగ్గర తడిని పట్టి ఉంచుతాయి.

మొదటి ఏడాది పైమట్టి ఆరగానే నీళ్లివ్వాలి. వేళ్లు నాటుకున్నాక కరువులో ఆకులు ముడుచుకుంటే కంగారుపడి కోసేయకండి. తడి తగిలితే చాలావరకు మళ్లీ విచ్చుకుంటాయి.